సర్రీ శామన్స్‌కు గోడ కావలెను

ఫుట్‌బాల్ గురించి నాకు ఏమీ తెలియకపోవడాన్నే ప్రధానమైన అర్హతగా పరిగణించి, సర్రీ శామన్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు నన్ను ప్రతిభా విశ్లేషకుడిగా నియమించింది. ఆట తెలిసినవాళ్ళు ఆ జట్టులో అప్పటికే చాలామంది ఉన్నారనీ, జట్టు ఈ స్థితికి రావడానికి వాళ్ళే కారణమనీ జనరల్ మేనేజర్ గ్రాంట్ మెక్‌లియోడ్ గారు ఇంటర్వ్యూలోనే సెలవిచ్చారు. నేను అంతకుముందు ఒక కిరాణా కంపెనీలో, ఏ ఊరి కొట్లో ఎన్ని అరటిపళ్ళు అమ్ముడుపోతాయో కంప్యూటర్‌తో లెక్కగట్టి చెప్పేవాణ్ణి. చాలా పళ్ళు కుళ్ళాయి. అయినా నా పద్ధతిలో శాస్త్రీయత ఉందని అందరూ ఒప్పుకున్నారు.

శామన్ అంటే ఏటికి ఎదురీది, కొండల దాకా పోయి, గుడ్లు పెట్టి, చచ్చిపోయే చేప. మా జట్టు ఈ వరసలో మొదటి పనీ చివరి పనీ మాత్రమే చేస్తుంది.

నా పేరు యోగానంద్. విజయవాడలో చదివాను, హైదరాబాదులో ఉద్యోగం చేశాను, అమెరికాలో ఇంకో డిగ్రీ పుచ్చుకున్నాను. అక్కడి వీసా లాటరీలో నా పేరు ఎంతకీ రాకపోవడంతో, ప్రతిభకు విలువనిచ్చే దేశం కావాలని నిశ్చయించుకుని ఉత్తరంగా కెనడాకు వచ్చి, సర్రీలో స్కాట్ రోడ్డుకు దగ్గర్లో ఒక పంజాబీ కుటుంబం వారి బేస్‌మెంట్‌లో స్థిరపడ్డాను. కిటికీలోంచి వాళ్ళ కారు చక్రాలు చక్కగా కనబడతాయి.

ఆట తెలియనివారి సౌకర్యార్థం రెండు ముక్కలు. పేరుకు ఫుట్‌బాలే గాని, ఇందులో బంతిని కాలితో తన్నడం గత్యంతరం లేనప్పుడే జరుగుతుంది. మధ్యలో నిలబడి బంతి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. దూరంగా పరుగెత్తి దాన్ని పట్టుకునేవాళ్ళను రిసీవర్లంటారు. విసిరేవాడి మీదికి ఎదుటి జట్టువాళ్ళు వచ్చి పడకుండా అతని ముందు ఐదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. వాళ్ళను లైన్‌మెన్ అంటారు. వాళ్ళు బంతి విసరరు, పట్టరు, తన్నరు. టీవీలో వాళ్ళ వీపులు కనబడతాయి.

మా గోడ మర్యాద తెలిసిన గోడ. పెళ్ళి మంటపం ముందు పన్నీరు చల్లేవాళ్ళలాగా, వచ్చినవాళ్ళను వచ్చినట్టు లోపలికి పంపేది. మా క్వార్టర్‌బ్యాక్ నిలబడిన సమయం కన్నా వెల్లకిలా పడుకున్న సమయమే ఎక్కువ కావడంవల్ల, కెనడాలోని స్టేడియంలన్నిటి ఆకాశాలూ అతనికి కంఠతా వచ్చాయి. రెజీనాలో మేఘాలు బాగుంటాయని ఒకసారి నాతో చెప్పాడు.

ఏటా వసంతంలో డ్రాఫ్ట్ అనే స్వయంవరం జరుగుతుంది. యూనివర్సిటీల్లో ఆడే కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. అందరికన్నా హీనంగా ఓడిన జట్టుకు మొదటి వంతు. ఓటమిని ఇంత ఆదరించే వ్యవస్థ మరోచోట నేను చూడలేదు. మొదటి వంతు మాకు దాదాపు ఆనవాయితీ అయిపోయింది.

ఈ స్వయంవరం దగ్గర అనాదిగా ఒక చర్చ ఉంది. వంతు వచ్చినప్పుడు ఇంట్లో లేని వస్తువు తెచ్చుకోవాలా, సంతలో ఉన్నవాటిలోకల్లా మేలైన వస్తువు తెచ్చుకోవాలా? మొదటిదాన్ని అవసరం అంటారు, రెండోదాన్ని ప్రతిభ అంటారు. మెక్‌లియోడ్ గారు ప్రతిభావాది. "అవసరం ఈ ఏడాది ఉంటుంది, వచ్చే ఏడాది పోతుంది. ప్రతిభ అలా కాదు. నేను అవసరానికి తలవంచిన రోజున ఈ కుర్చీలో ఉండను" అని ఆయన ప్రతి సీజన్ ముందూ విలేకరులకు చెప్పేవారు. చెప్పినట్టే ఏటేటా ఒక మేలైన రిసీవర్‌ను తెచ్చేవారు. అందరూ ఆణిముత్యాలే. మా జట్టు పరిస్థితి గృహప్రవేశం అయిన మర్నాటి ఇంటిలా ఉండేది. ఎటు చూసినా గోడగడియారాలు. పాలు పొంగించడానికి గిన్నె లేదు.

నేను కొన్ని వారాలు కష్టపడి పాత మ్యాచ్‌ల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎవరిని ఎంచుకోవాలో లెక్కగట్టే ఒక మోడల్ తయారుచేశాను. ఆ కంప్యూటర్ కూడా నాలాగే ఆట తెలియనిది కావడంవల్ల నిజం చెప్పేసింది. ఈ జట్టుకు గోడ కావాలి. ఆ ఏడాది డ్రాఫ్టులో ఉన్న గోడల్లో మేలైనవాడు ఒక్కడే. ఊరు ఆటవా పక్కన కనాటా. పేరు ప్రణీత్.

పేరు మరోసారి చదివాను. తెలుగువాడు!

సంగతి ఇంట్లో చెప్పాను. నా భార్య ధరణి అప్పుడే పనినుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. రాజమండ్రిలో ఎమ్మెస్సీ బోటనీ చదివిన మనిషి. ఇక్కడికి వచ్చాక పిల్లల సంరక్షణలో డిప్లొమా చేసి, సర్రీలోనే న్యూటన్ అనే పేటలో ఒక డేకేర్‌లో పనిచేస్తోంది. రోజంతా పసిపిల్లల ముక్కులు తుడిచి, డైపర్లు మార్చి, ఏడ్చేవాళ్ళను నవ్వించి, నవ్వేవాళ్ళను నిద్రపుచ్చి వస్తుంది. నేను మా తెలుగువాళ్ళ మధ్య ఆ ఉద్యోగం ప్రస్తావన వచ్చినప్పుడు "ఎడ్యుకేషన్ సెక్టార్‌లో ఉంది" అనేవాణ్ణి.

"మంచిదేగా. అవసరమైనవాడు దొరికాడుగా, తీసుకోండి" అంది ధరణి.

"మనవాణ్ణి మనం తీసుకుంటే ఏమనుకుంటారు?"

"ఎవరు?"

"అందరూ."

"మీ ఆఫీసులో అందరికీ తెలుగు పేరుకీ తమిళ పేరుకీ తేడా తెలుసా?"

తెలియదు. కాని నాకు తెలుసు. నిజాయితీపరుడైన అధికారి తన అంతరాత్మకు జవాబు చెప్పుకోవాలని ఆమెకు వివరించాను. ఆమె ఆ వివరణ పూర్తికాకముందే సోఫాలో నిద్రపోయింది.

ఇంతలో ఇంట్లో ఇంకో ఎంపిక కూడా నడుస్తోందని పాఠకులకు మనవి చేయాలి. పీఆర్ కోసం, అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే హక్కు కోసం, నేనూ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పేరు పెట్టుకుని ఉన్నాను. చదువుకు, అనుభవానికి, ఇంగ్లీషుకు, వయసుకు మార్కులు వేసి, ఎక్కువ మార్కులున్నవాళ్ళను ప్రభుత్వం పిలుస్తుంది. నా మార్కులు గీతకు ఎప్పుడూ కాస్త కిందే ఆగేవి. నా పుట్టినరోజు వచ్చినప్పుడల్లా మరి కాస్త తగ్గేవి. అలాంటి సమయంలో ప్రభుత్వం వారు, దేశానికి ఎవరు అవసరమో చూసి మరీ పిలుస్తామని మొదలుపెట్టారు. ఒకసారి నర్సులను పిలిచారు. ఒకసారి వడ్రంగులను. ఒకసారి ఫ్రెంచి వచ్చినవాళ్ళను.

"చూశావా అన్యాయం! రెండు మాస్టర్స్ ఉన్నవాణ్ణి పక్కనపెట్టి, సుత్తి పట్టుకున్నవాణ్ణి పిలుస్తారా? ప్రతిభ చూడకుండా అవసరం చూసుకునే దేశం బాగుపడుతుందా?" అని నేను భోజనం దగ్గర ధ్వజమెత్తాను.

ధరణి చారు వడ్డిస్తూ, "ఆఫీసులో గోడ కావాలి, అవసరం చూడాలి అంటున్నది మీరే కదండీ?" అంది.

"అది ఆట ధరణీ. ఇది జీవితం."

"ఓహో" అంది. తర్వాత, "నేను కూడా నా పేరు మీద ఒక ప్రొఫైల్ పెట్టనా? డేకేర్‌లో మేరీ పెట్టిందట" అంది.

నీ మార్కులు నాకన్నా తక్కువే వస్తాయని ముందే హెచ్చరించి, పెద్ద మనసుతో ఒప్పుకున్నాను. నేను చెప్పినట్టే తక్కువే వచ్చాయి. ఆ సాయంత్రం నాకు కొంత మనశ్శాంతి కలిగింది.

డ్రాఫ్టుకు కొద్దిరోజుల ముందు ఒక ఆదివారం, సర్రీ తెలుగు సంఘం శాశ్వత అధ్యక్షులు చక్రధర్ గారు మా బేస్‌మెంట్‌కు దయచేశారు. సంఘానికి ఎన్నికలున్నాయి గాని, ఓటు వేసేంతమంది ఒకచోట చేరాలంటే భోజనాలు పెట్టాలి, భోజనాలు పెట్టాలంటే అధ్యక్షుడు ఉండాలి కాబట్టి, ఆయన శాశ్వతమయ్యారు. వృత్తిరీత్యా ఇళ్ళు అమ్ముతారు. మా సీలింగు ఎత్తును కళ్ళతోనే కొలిచి, కాస్త జాలిగా కూర్చున్నారు.

"యోగానంద్ గారూ, మనవాడొకడు ఫుట్‌బాల్లో పైకొస్తున్నాడటగా! ఆటవాలో మా తోడల్లుడు చెప్పాడు. సీతారామారావు గారబ్బాయట. చూడండి మరి, మన టీములోకి లాగెయ్యండి. టీవీలో మన పేరు రావాలి" అన్నారు.

"మంచి ఆటగాడేనండి" అన్నాను.

"బంతి బాగా విసురుతాడా?"

"విసరడండి."

"పోనీ, పట్టుకుంటాడా?"

"బంతితో అతనికి సంబంధం లేదండి. ముందు నిలబడతాడు."

"నిలబడి?"

"వచ్చినవాళ్ళను ఆపుతాడు."

చక్రధర్ గారు టీ కప్పు కింద పెట్టారు. "అంటే... బౌన్సరా?"

"అలాంటిదేనండి. విసిరేవాడికి రక్షణ."

"సీతారామారావు గారు మా తోడల్లుడితో అబ్బాయి సెక్యూరిటీలో ఉన్నాడంటే సైబర్ సెక్యూరిటీ అనుకున్నామండీ! మా తోడల్లుడైతే సంబంధం కూడా ఆలోచిస్తున్నాడు" అన్నారు. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "మీరు పెద్ద పొజిషన్‌లో ఉన్నారు. వాణ్ణి తీసుకోవడమంటూ జరిగితే, బంతి పట్టుకునే పని ఏదైనా ఇప్పించండి. కాస్త గౌరవంగా ఉంటుంది" అన్నారు.

ఆ వారమే ప్రణీత్ ఇంటర్వ్యూకు వచ్చాడు. గుమ్మంలోంచి కాస్త పక్కకు తిరిగి లోపలికి రావలసిన మనిషి. ముఖం మాత్రం పదో తరగతి పిల్లాడిది. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించి, "నమస్తే అంకుల్! నాన్న చెప్పారు, మీరు ఇక్కడ ఉంటారని" అన్నాడు.

గదిలో మెక్‌లియోడ్ గారున్నారు, కోచ్ ఉన్నాడు. అంకుల్ అన్న ఆ ఒక్క మాటతో నా నిష్పక్షపాతానికి మచ్చ పడిందని నాకు అర్థమైంది. అతని నమస్కారాన్ని చూడనట్టు కంప్యూటర్‌లోకి చూశాను. ఆ పిల్లాడు జోడించిన చేతుల్ని ఏం చేయాలో తెలియక మెల్లగా జేబుల్లో పెట్టుకున్నాడు.

"మా జట్టుకు నువ్వు ఏం తెస్తావు?" అని మెక్‌లియోడ్ గారు అడిగారు.

ప్రణీత్ ఆలోచించి, "నా పని నేను సరిగా చేస్తే, సార్, మ్యాచ్ అంతా ఎవరూ నా పేరు ఎత్తరు" అన్నాడు.

కోచ్ కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు. మెక్‌లియోడ్ గారు మాత్రం తన కాగితం మీద "ఆకర్షణ తక్కువ" అని రాసుకున్నారు. ఎవరూ పేరెత్తని మనిషి పేరు రాసిన చొక్కాలు దుకాణాల్లో అమ్ముడుపోవు కదా అని తర్వాత నాకు బోధపరిచారు.

ఆ సాయంత్రం నేను నా మోడల్ ముందు కూర్చున్నాను. అందులో ప్రణీత్ ఇంకా మొదటి స్థానంలోనే ఉన్నాడు. రెండో స్థానంలో క్యుబెక్ కుర్రాడు ఎమిల్. రిసీవర్. గాలిలోకి ఎగిరి ఒంటిచేత్తో బంతి పడతాడు. రెండో చెయ్యి ఎందుకున్నదో ఎవరికీ తెలియదు. మెక్‌లియోడ్ గారికి ఎమిల్ కావాలి. నాకు ఉద్యోగం కావాలి. నా వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది. ఇక మనవాణ్ణి మనమే ఎత్తామన్న మాట రాకూడదు. ఇన్ని అవసరాలు ఒక్కచోట చేరినప్పుడు మనిషి ప్రతిభ వైపే మొగ్గాలి.

మోడల్‌లో జట్టు అవసరానికి ఇచ్చిన ప్రాముఖ్యాన్ని కాస్త తగ్గించాను. ప్రణీత్ కదలలేదు. ఇంకాస్త తగ్గించాను. గోడ కదా, నిలబడ్డాడు. చివరికి అవసరాన్ని పూర్తిగా తీసేశాను. ఎమిల్ మొదటి స్థానంలోకి ఎగిరి దూకాడు. ఈ ప్రక్రియను మా వృత్తిలో సవరణ అంటారు. అరటిపళ్ళ కంపెనీలో కూడా ఇలాగే చేసేవాళ్ళం.

"సైన్స్ కూడా నా మాటే చెబుతోంది" అని మెక్‌లియోడ్ గారు నా భుజం తట్టారు.

డ్రాఫ్టు రోజున మా జట్టు పేరు మొదట పిలిచారు. మెక్‌లియోడ్ గారు వేదిక ఎక్కి ఎమిల్ పేరు చదివి, ఇది విశ్లేషణ సాధించిన విజయమని ప్రకటించారు. రెండో వంతు ప్రైరీ ట్రాక్టర్స్ అనే జట్టుది. వాళ్ళ దగ్గర విశ్లేషకుడు లేడు. వాళ్ళ గోడలో ఒకడు మోకాలు విరిగి ఇంట్లో ఉన్నాడు. అందుకని నాగరికత తెలియని మనుషుల్లాగా, ఒక గోడ కావాలని ప్రణీత్‌ను తీసుకున్నారు. మా బల్ల దగ్గర అందరం జాలిగా తలలూపాం.

సీజన్ మొదలైంది. ఎమిల్ మా అంచనాలకు మించిన ఆటగాడని మొదటి మ్యాచ్‌లోనే తేలిపోయింది. లేడిలా పరుగెత్తేవాడు. తనను కాచేవాణ్ణి తప్పించుకుని, మైదానం చివర ఒంటరిగా నిలబడి చెయ్యి ఎత్తేవాడు. బంతి వచ్చేది కాదు. వెనక్కి తిరిగి చూస్తే క్వార్టర్‌బ్యాక్ నేలమీద ఉండేవాడు. పోయిన బస్సు కోసం స్టాపులో నిలబడ్డవాడిలా ఎమిల్ ప్రతి వారమూ చెయ్యెత్తి నిలబడేవాడు. అతను ఖాళీగా నిలబడుతున్న తీరు లీగ్ మొత్తంలో అత్యుత్తమమని నేను రిపోర్టు ఇచ్చాను. అది అబద్ధం కాదు.

ఓడిన ప్రతిసారీ మెక్‌లియోడ్ గారు ప్రసంగించేవారు. "ప్రతిభ ఒక పెట్టుబడి. పండడానికి కాలం పడుతుంది." ఈ మాట ఎంత గంభీరంగా ఉండేదంటే, క్వార్టర్‌బ్యాక్ భుజం విరిగి ఆస్పత్రిలో చేరిన వారంలో కూడా అందరూ తలలూపారు. అతని బదులు వచ్చిన కుర్రాడికి ఆకాశాలు ఇంకా కొత్త.

సెప్టెంబర్‌లో ప్రైరీ ట్రాక్టర్స్ జట్టు సర్రీకి ఆడటానికి వచ్చింది. ఆరోజు మన ఊరి మామూలు వాన. తెలుగు సంఘం తరఫున చక్రధర్ గారి నాయకత్వంలో ఒక వరస నిండా జనం వచ్చారు. కనాటా నుంచి ప్రణీత్ వాళ్ళ నాన్న సీతారామారావు గారు కూడా వచ్చారు. పొట్టి మనిషి. టెలికాం ఇంజినీరు. ఇంతటి కొడుకు తనకెలా పుట్టాడా అన్న ఆశ్చర్యం ఆయన ముఖంలో ఇంకా ఉంది. ధరణి ఆయన పక్కన కూర్చుంది. నేను జట్టు ఉద్యోగిని కాబట్టి అద్దాల గదిలో కూర్చోవాలి గాని, మెక్‌లియోడ్ గారు ఆరోజు ఎవరినీ పక్కన ఉండనివ్వలేదు. కిందికి వచ్చి మా వాళ్ళలో కూర్చున్నాను.

"ఏడీ మనవాడు?" అని చక్రధర్ గారు మొదటి అరగంటలో చాలాసార్లు అడిగారు. బంతి ఎటుపోతే ఆయన కళ్ళు అటుపోయేవి. బంతి ఉన్నచోట ప్రణీత్ ఉండడు. సీతారామారావు గారు మాత్రం ఒకే చోటికి చూస్తున్నారు. ట్రాక్టర్స్ క్వార్టర్‌బ్యాక్ అంత బురదలోనూ ఇస్త్రీ మడత నలగకుండా నిలబడి, తీరిగ్గా అటూ ఇటూ చూసి, తోచినవాడికి బంతి విసురుతున్నాడు. మా వాళ్ళు అతని మీదికి ఉరుకుతున్నారు. ప్రణీత్ దాకా వచ్చి ఆగిపోతున్నారు. ఒకడు పడిపోతే ప్రణీత్ చెయ్యి ఇచ్చి లేపాడు. లేచినవాడు మళ్ళీ ఉరికి మళ్ళీ అక్కడే ఆగాడు.

"ఇంతకీ ఏం చేశాడండీ మనవాడు?" అని చివర్లో చక్రధర్ గారు నిరాశగా అడిగారు.

మేం ఎంత తేడాతో ఓడిపోయామో స్కోరుబోర్డు మీద ఉంది. కాని అది ఆయన ప్రశ్నకు జవాబని నేను చెప్పలేదు. చెప్పి ఉంటే తర్వాతి ప్రశ్న నన్ను అడిగేవారు.

మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు బయటికి వచ్చే దారిలో నిలబడ్డాం. ప్రణీత్ వచ్చి నాన్నను కావలించుకున్నాడు. ఆయన కాసేపు కనబడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "హాయ్ అంకుల్" అన్నాడు. చేతులు జోడించలేదు.

"బాగా ఆడావు ప్రణీత్."

"థాంక్స్. అంకుల్, కెన్ ఐ ఆస్క్ సంథింగ్? మీ టీముకి లైన్‌మన్ కావాలి కదా. లైక్, రియల్లీ కావాలి. నన్నెందుకు తీసుకోలేదు? ఇంటర్వ్యూలో ఏమైనా తప్పు చెప్పానా?"

"లేదు బాబూ. మోడల్ అలా వచ్చింది."

"ఓ. ఓకే. మోడల్." తలూపాడు. వెక్కిరింత లేదు. నిజంగానే అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. నాకు అది వెక్కిరింత కన్నా ఇబ్బందిగా ఉంది. అతను చెమట తుడుచుకుంటూ నవ్వి, "ఇట్స్ ఆల్‌రైట్ అంకుల్. నాన్న ఫస్ట్ టైం నా మ్యాచ్‌కి వచ్చారు. మ్యాచ్ అంతా నన్నే చూశారంట. బంతి ఎక్కడుందో ఒక్కసారి కూడా చూడలేదంట" అన్నాడు.

సీతారామారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాన పడుతోంది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

కారులో ఇంటికి వస్తూ ధరణి, "మోడల్ అలా వచ్చిందా, మీరు అలా రప్పించారా?" అని అడిగింది. ఫ్రేజర్ హైవే మీద ట్రాఫిక్ ఎక్కువగా ఉందని, డ్రైవ్ చేసేటప్పుడు మాట్లాడించవద్దని చెప్పాను. ట్రాఫిక్ లేదు.

సోమవారం మెక్‌లియోడ్ గారు నన్ను పిలిపించారు. "యోగీ, ఈ ఆఫీసులో ఉన్న ప్రతిభల్లోకెల్లా నీది మేలైనదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను" అన్నారు. నేను వినయంగా తల వంచాను. "కాని ప్రస్తుతం జట్టు అవసరాల దృష్ట్యా, మాకు కావలసింది విశ్లేషకుడు కాదు, లైన్‌మన్" అన్నారు. అవసరం అన్న మాట ఆయన నోట తిట్టుగా కాకుండా రావడం అదే మొదటిసారి. అవసరానికి తలవంచినా ఆయన మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నారు. వచ్చే వసంతానికి ఆయనకు మొదటి వంతు ఎలాగూ ఖాయం.

స్కైట్రెయిన్‌లో ఇంటికి వచ్చాను. ఉద్యోగంతోపాటు పర్మిట్ కూడా పోతుంది. నా పర్మిట్‌కు తోకగా వచ్చిన ధరణి పర్మిట్ సంగతీ అంతే. రెండు సూట్‌కేసులు మంచం కిందినుంచి లాగి, దుమ్ము దులిపి, వాటి మధ్య నేలమీద కూర్చున్నాను. నాకు నిజంగా భయం వేసింది. నలభైకి దగ్గరపడుతున్నాను. ఇక ఉత్తరంగా పోవడానికి మంచు తప్ప ఏమీ లేదు.

ధరణి పనినుంచి వచ్చి సూట్‌కేసులు చూసింది. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి శానిటైజర్ వాసన వేస్తోంది. తర్వాత కొన్ని వారాలు నేను ఉద్యోగాలకు అప్లై చేస్తూ, ఆమె వండి పెట్టింది తింటూ, ప్రతిభకు రోజులు కావని ఆమెకు వివరిస్తూ గడిపాను. ఆమె పొద్దున్నే వానలో బస్సెక్కి వెళ్ళి, చీకటిపడ్డాక వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆమె డేకేర్ నుంచి ఫోన్ చేసింది. వెనక పిల్లల ఏడుపులు.

"ఏవండీ, నాకు ఇన్విటేషన్ వచ్చింది."

"ఏ పెళ్ళికి?"

"పీఆర్‌కండీ! ఈసారి టీచర్లనీ డేకేర్ వాళ్ళనీ పిలిచారు. మేరీకీ వచ్చింది, నాకూ వచ్చింది."

ఇలాంటి క్షణంలో మనిషి నోటినుంచి వచ్చే మొదటి మాటే అతని అసలు మాట అంటారు. నా నోటినుంచి వచ్చిన మొదటి మాట ఇది. "నీ మార్కులు నాకన్నా తక్కువ కదా?"

అవతల కాసేపు ఏడుపులు మాత్రం వినబడ్డాయి. పిల్లలవే.

"అవునండీ, తక్కువే" అంది ధరణి. "సంతోషం అన్న మాట తర్వాతైనా చెప్పొచ్చు, తొందర లేదు. ఇక్కడ ఒకడు కక్కుకున్నాడు, ఉంటాను."

దరఖాస్తులో ముఖ్య అభ్యర్థి ఆమె. నేను ఆమె మీద ఆధారపడిన భర్తను. అందులో నా డిగ్రీల గురించి అడిగిన చోట చాలా శ్రద్ధగా నింపాను. ఆమె పర్మిట్ సంగతి కూడా ఆమె డేకేర్ వాళ్ళే చూసుకున్నారు. ఆమె ఒక్కరోజు రాకపోతే అక్కడ నడవదట. మరుసటి ఏడాదికి పీఆర్ వచ్చింది. అప్పటికి నాకు, ఆమె పర్మిట్‌కు తోకగా వచ్చిన పర్మిట్ మీద, మరో కిరాణా కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు టమాటాలు.

ఉగాది వేడుకల్లో పీఆర్ వచ్చినవాళ్ళను సత్కరించాలని సంఘం తీర్మానించింది. చక్రధర్ గారు నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. మైకు పట్టుకుని, "ప్రతిభ ఉన్న తెలుగువాణ్ణి ఏ దేశమూ వదులుకోదు! యోగానంద్ గారు ఫుట్‌బాల్ నుంచి టమాటా దాకా తమ మేధతో కెనడాకు సేవ చేస్తున్నారు. వారి ప్రతిభను గుర్తించి ప్రభుత్వం పిలిచి పీఆర్ ఇచ్చింది. మన పిల్లలు వారిని ఆదర్శంగా తీసుకోవాలి" అన్నారు.

ధరణి హాల్లో లేదు. వడ్డించేవాళ్ళు తక్కువయ్యారని పొద్దున్నే సంఘంవాళ్ళు అడిగితే వంటగదిలోకి వెళ్ళింది. తలుపు సందులోంచి ఆమె పులిహోర తపేలా మోస్తూ కనబడింది. ఆగి, వేదిక వైపు చూసింది.

నాకు మైకు ఇచ్చారు. నిజం చెబుదామనే లేచాను. చక్రధర్ గారిని ఉద్దేశించి, "పిలుపు వచ్చింది నాకు కాదండీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని శాలువా వెచ్చగా ఉంది. ముందు వరసలో ఎవరో ఫొటో తీస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, కృషి, పట్టుదల, ప్రతిభ అనే అంశం మీద మాట్లాడాను. బాగా మాట్లాడాను. మధ్యలో ఒకచోట, "ఈ దేశం అవసరాన్ని చూడదు, అర్హతను చూస్తుంది" అని ఆగాను. ఎవరైనా లేచి, "అయ్యా, ఇంతకీ పిలుపు ఎవరికి వచ్చింది?" అని అడుగుతారేమోనని, అడిగితే చెప్పేద్దామని, కాస్త ఎక్కువసేపే ఆగాను.

ఆ హాల్లో సగం మందికి అసలు సంగతి తెలుసు. మా ఇంటికి వచ్చి మా ధరణి చేతి కాఫీ తాగుతూ విన్నవాళ్ళే. ఎవరూ లేవలేదు. నేను ఆగినచోట చప్పట్లు కొట్టారు. మూడో వరసలో అందరికన్నా గట్టిగా కొట్టింది ఇది చదువుతున్న మీరే. ఆకలేస్తోందని, ఉపన్యాసం ముగిస్తే వడ్డన మొదలవుతుందని కొట్టారో ఏమో. మీ విస్తట్లో పులిహోర వేసింది ఎవరో మాత్రం మీరు తలెత్తి చూడలేదు.